వేపచెట్టు మీది మైకు, చెవి మీది హెడ్‌ఫోన్

గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో మైకు అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. మాట్లాడేవాడి నోటి ముందు ఉండేదీ మైకే, వేపచెట్టు కొమ్మకు కట్టిన హారనూ మైకే. గుడి మీద మైకు మోగుతోందన్నా, చెట్టుకు మైకు కట్టారన్నా ఎవరికైనా హారన్ అనే అర్థమవుతుంది. ఇంగ్లీషులో ఆ మాట శబ్దం లోపలికి పోయే చోటిది. మనవాళ్లు దాన్ని శబ్దం బయటికి వచ్చే చోటికి, అంటే వినేవాడి వైపుకి, లాక్కొచ్చుకున్నారు. చదువుకున్నవాళ్లు దీన్ని పొరపాటు ప్రయోగం అంటారు గానీ, నాకిది చరిత్ర సాక్ష్యంలా కనిపిస్తుంది. ఈ పత్తి, మిరప నేలల మీద గత నూరేళ్లలో పాట వినడం ఎలా మారిందో చూస్తే, ప్రతి మార్పూ వినేవాడి దగ్గరే మొదలైంది. ఎంతమంది వింటున్నారు, ఎంత దూరం నుంచి, ఏ గాలిలో, ఏ చప్పుళ్ల మధ్య అన్న ప్రశ్నలు ముందు పుట్టాయి. పరికరాలు వాటికి జవాబుగా కుదురుకుంటూ వచ్చాయి. ఇవాళ బల్ల మీద ఖరీదైన డాక్‌నూ, అంటే డిజిటల్ అంకెల్ని విద్యుత్తుగా మార్చే పెట్టెనూ, దాని పక్కన యాంప్లిఫయర్‌నూ పెట్టుకుని, వాటికి తగిన హెడ్‌ఫోన్ ఏదని వెతికేవాళ్లు కూడా ఈ చరిత్రలోని వాళ్లే. వాళ్లలో చాలామంది పెట్టెతో మొదలుపెట్టి చెవి దగ్గరికి వస్తున్నారు. మైకుసెట్టు మనిషి చెవితో మొదలుపెట్టి పెట్టె దగ్గరికి వెళ్లేవాడు. అతని దారే సరైనదని నా వాదన.

మైకు రాకముందు గొంతే యాంప్లిఫయర్. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి వేదికల మీద సత్యభామగా నిలబడినప్పుడు, సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్య కృష్ణుడిగా పద్యం ఎత్తుకున్నప్పుడు, పందిరి చివర నేల మీద కూర్చున్న మనిషికి ఆ పద్యం చేరాలంటే ఊపిరి బలం తప్ప మరో దారి లేదు. రంగస్థల నటులు హెచ్చు శ్రుతిలో పాడడానికీ, పద్యం చివర రాగాన్ని అంతంతసేపు తీయడానికీ అభిరుచి ఒక్కటే కారణం అనుకోకూడదు. మనిషి చెవి 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య అన్నిటికంటే పదునుగా వింటుంది. గొంతు పైకెత్తి బిగించి పాడితే దాని బలం ఆ మేరకు చేరుతుంది. అదే ఊపిరిని మంద్రంలో ఖర్చు పెడితే నాలుగు వరుసలు దాటదు. పొన్నెకల్లు నాజర్ బుర్రకథలోనూ ఇదే లెక్క మరో రూపంలో ఉంది. కథకుడి మాట గాలికి కొట్టుకుపోతే, పక్కనున్న వంతలు అందుకుని దాన్ని మళ్లీ జనం మధ్యకు తెచ్చిపెడతారు. వేల మంది కూర్చున్న మైదానంలో వంత పాడడం అలంకారమే కాదు, తప్పిపోయిన మాటకు రెండో అవకాశం కూడా. ఇక ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా చేతిలోని నాదస్వరం సంగతి చెప్పనక్కర్లేదు. ఊరేగింపు ముందు నడుస్తూ వీధి మొత్తానికి వినిపించడానికే పుట్టిన వాద్యం అది.

నేల కూడా ఇందులో ఒక పాత్రధారి. కొండవీడు, కోటప్పకొండ లాంటివి వదిలేస్తే ఈ నల్లరేగడి చాలా మేర బల్లపరుపు. పగలు ఎండకు నేల కాలి, దాన్ని అంటుకున్న గాలి వేడెక్కుతుంది. అప్పుడు శబ్దం పైకి వంగి ఆకాశంలోకి పోతుంది. తెల్లవారుజామున నేల చల్లబడి, పై గాలి వెచ్చగా ఉంటుంది. అప్పుడు శబ్దం కిందికి వంగి పొలాల మీదుగా పాకుతుంది. మిట్టమధ్యాహ్నం పక్క వీధికి కూడా సరిగా అందని పాట తెల్లారగట్ల పొరుగూరికి వినబడేది అందుకే. నాటకాలు రాత్రి ఆడడానికి పొలం పనులూ ఎండా ముఖ్య కారణాలే అయినా, గాలి కూడా రాత్రి వైపే మొగ్గింది. అంటే యంత్రం ఏదీ రాకముందే ఇక్కడి కళాకారులు మూడింటిని జత కలిపారు: గొంతు, గాలి, చెవి.

ఆ జతలోకి వచ్చిన మొదటి యంత్రం గ్రామఫోను. 1902లో కలకత్తాలో, గౌహర్ జాన్ పాడిన ఆ ఏడే, మన దేశంలో మొదలైన రికార్డింగ్ కొన్నేళ్లకే తెలుగు పద్యానికీ చేరింది. గ్రామఫోనుకు కరెంటు అక్కర్లేదు. కీ ఇస్తే తిరుగుతుంది, ముల్లు పెడితే పాడుతుంది. కరెంటు ముఖం చూడని పల్లెల్లో అది నిలదొక్కుకోవడానికి ఇదొక్కటి చాలు. అయితే ఆ యంత్రానికి ఒక ఇరుకు ఉంది. 1925లో విద్యుత్ రికార్డింగ్ రాకముందు గాయకుడు ఒక పెద్ద గరాటులోకి పాడేవాడు. ఆ గరాటు సుమారు 200 నుంచి 2,500 హెర్ట్జ్ వరకే పట్టుకునేది. విద్యుత్ రికార్డింగ్ దాన్ని 5,000 దాకా, ఆపైకి కొంచెం, విస్తరించింది. గరాటులో మృదంగం ఎడమ వైపు మోత, తాళం మెరుపు దాదాపుగా పోయేవి. గొంతు మిగిలేది. రఘురామయ్య వేలు నోట పెట్టి వేసే ఈల ఈ ఇరుకులో ఎలా నిలబడిందో ఆలోచిస్తే ఆశ్చర్యమేస్తుంది. ఈలలో ఒకటే ప్రధాన స్వరం ఉంటుంది, దాని మీద వేరే పై స్వరాల పొరలు తక్కువ. అది వెయ్యి నుంచి మూడు నాలుగు వేల హెర్ట్జ్ మధ్య తిరుగుతుంది. సరిగ్గా అక్కడే పాత రికార్డు బాగా పట్టుకుంటుంది, సరిగ్గా అక్కడే చెవి బాగా వింటుంది. మంచి గొంతులు సగం నశించి చేరిన కాలంలో ఆ ఈల దాదాపు చెక్కుచెదరకుండా చేరింది. పరికరానికీ ధ్వనికీ జోడీ కుదరడమంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

తర్వాత మైకుసెట్టు. అహూజా సంస్థ 1940లో ఢిల్లీలో మొదలైంది. కొన్ని దశాబ్దాల్లో ఆ పేరు తెలుగు పల్లెల్లో మైకుసెట్టుకు మారుపేరైంది. కరెంటు లేని ఊళ్లో 12 వోల్టుల బ్యాటరీ మీద కూడా యాంప్లిఫయర్ నడిచేది. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువల్లోకి నీళ్లొచ్చి, పత్తి, మిరప, పొగాకు డబ్బు చేతిలో ఆడిన ఊళ్లలో పెళ్లికీ, తిరునాళ్లకీ, పద్యనాటకానికీ మైకుసెట్టు లేకపోవడం పరువు తక్కువైంది. ఆ సెట్టు వెంట వచ్చిన మనిషి ముందు చేసే పని పెట్టె విప్పడం కాదు. జనం ఎక్కడ కూర్చుంటారు, గాలి ఎటు వీస్తోంది, ఏ చెట్టు ఎత్తుగా ఉందని చూడడం. తర్వాత తీగ లెక్క. హారన్ యూనిట్ సాధారణంగా 16 ఓముల భారం. దానికి వంద మీటర్ల దూరం నుంచి సన్నని రాగి జంట తీగ, అర చదరపు మిల్లీమీటరుది, లాగితే తీగలోనే 7 ఓముల అడ్డు. మొత్తం 23 ఓముల్లో 7 తీగ తినేస్తే, బ్యాటరీ నుంచి పిండుకున్న శక్తిలో దాదాపు మూడో వంతు తీగను వెచ్చబెట్టడానికే సరి. అందుకే 100 వోల్టుల లైను వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజీ పెంచి పంపి, హారన్ దగ్గర మరో చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో దించితే, 40 వాట్ల హారన్ తీగకు 250 ఓముల భారంలా కనిపిస్తుంది. నష్టం నూటికి మూడు దాటదు. నాలుగు యూనిట్లుంటే రెండేసి వరసగా కలిపి, ఆ రెండు జంటల్నీ పక్కపక్కన కలిపితే మళ్లీ 16 ఓములే వస్తుంది. ఓమ్ సూత్రం పేరు వినని మనుషులు కూడా చేతివాటంగా ఈ లెక్కలు చేశారు. తప్పితే యూనిట్ కాలేది, లేదా యాంప్లిఫయర్ వాల్వు పోయేది. ఆ రాత్రి కూలీ అక్కడితో సరి.

హారన్‌ను మోటు పరికరమని తీసిపారేయడం తేలిక. కానీ ఒక్క వాటుకు నూరు డెసిబెల్స్‌కు మించి మోగే సాధనం కావాలంటే, బ్యాటరీ మీద పది ఎకరాల జనానికి వినిపించాలంటే, ఆ ఆకారం తప్పదు. దానికి చెల్లించిన ధర కింది స్వరాలూ పై మెరుపూ. కాబట్టి ఏ గొంతు బాగుంటుందో హారనే ఎంచింది. పొన్నూరు దగ్గర బ్రాహ్మణకోడూరులో పుట్టిన మాధవపెద్ది సత్యం రంగస్థలం మీద పదునెక్కిన గొంతుతో, 1957 నాటి మాయాబజార్‌లో ఘటోత్కచుడికి పాడింది చెట్టు మీంచి మోగితే ఊరంతా నవ్వుతూ వింటుంది. రేపల్లెలో 1904లో పుట్టిన చిత్తూరు నాగయ్య సంగతి వేరు. నాటకాల్లోంచే వచ్చినా, పోతన, త్యాగయ్య చిత్రాల్లో ఆయన పాడిన తీరు సూటిగా స్టూడియో మైకు కోసం పుట్టింది. బలం లేదు, ఎత్తుకోవడం లేదు. పక్కన కూర్చుని తనలో తాను అనుకుంటున్నట్టు ఉంటుంది. అదే రేపల్లె ప్రాంతంలోని పల్లపట్లలో 1938లో పుట్టిన ఎస్. జానకి ఆ దారిని ఇంకా లోపలికి తీసుకెళ్లారు. ఊపిరి, గుసగుస, పసిపిల్ల గొంతు, ఏడుపు మింగుకోవడం, ఇవన్నీ పెదవులకూ మైకుకూ మధ్య జానెడు దూరంలో జరిగే సంగతులు. ఈ ఇద్దరి గొంతుల్లో ముఖ్యమైనది హారన్‌లో పడి పోతుంది. నాగయ్య ఛాతీలోని గంభీరం కింద జారిపోతుంది, జానకి ఊపిరి పైన ఎగిరిపోతుంది. పొలానికి వినిపించే రఘురామయ్య, నాజర్, చినమౌలానా ఒకవైపు, చెవికి మాత్రమే వినిపించే నాగయ్య, జానకి ఇంకోవైపు. ఇన్ని రకాల గొంతులకూ పుట్టిల్లు ఈ కాస్త నేలే. మొదటి రకానికి తగిన పరికరం మన ఊళ్లలో మూడు తరాలు ఉంది. రెండో రకానికి తగినది మధ్యతరగతి ఇంటికి రావడానికి చాలా కాలం పట్టింది.

ఆ రాక మెల్లగా సాగింది. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి మొదలై కృష్ణకు ఇవతలి ఊళ్లకు గొంతు ఇచ్చింది. ట్రాన్సిస్టర్ రేడియోతో పాటు వచ్చిన ఒంటి చెవి బిరడా చాలామంది రైతులకు మొదటి హెడ్‌ఫోన్. ప్రపంచంలో హెడ్‌ఫోన్ అంతకు చాలా ముందే ఉంది. 1910లో నథానియల్ బాల్డ్విన్ చేసినవాటిని అమెరికా నౌకాదళం కొన్నది. తొలి రేడియో రోజుల హెడ్‌ఫోన్లు 2,000 ఓముల దాకా ఉండేవి, ఎందుకంటే ఎదుట ఉన్న స్ఫటిక రేడియోకు బలం లేదు, దాన్ని లాగేయకుండా ఉండే భారం కావాలి. అక్కడా జోడీయే ముందు. 1958లో కాస్ సంస్థ సంగీతం కోసమే స్టీరియో హెడ్‌ఫోన్ తెచ్చింది, 1968లో సెన్‌హైజర్ వెనక వైపు తెరిచి ఉంచిన నమూనా చూపింది, 1979లో వాక్‌మన్, 1982లో సీడీ. మన వైపు ఆ మధ్యకాలమంతా క్యాసెట్టుది. కురుక్షేత్రం, సత్యహరిశ్చంద్ర పద్యాలు క్యాసెట్ల మీదే ఇంటింటికీ వెళ్లాయి.

ఇప్పుడు బల్ల మీది పెట్టె దగ్గరికి వద్దాం. 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డి 600ను తీసుకోండి: 300 ఓములు, ఒక మిల్లీవాటుకు సుమారు 97 డెసిబెల్స్. పాటలోని అతి పెద్ద చరుపుకు 110 డెసిబెల్స్ కావాలనుకుంటే దానికి 20 మిల్లీవాట్లు, అంటే రెండున్నర వోల్టులు, 8 మిల్లీయాంపియర్లు చాలు. వోల్టేజీ అడుగుతుంది, కరెంటు అడగదు. పల్చని పొర మీద తీగ పరిచి చేసే ప్లేనార్ రకంలో హైఫైమాన్ హెచ్‌ఈ 6 అని ఒకటుంది: 50 ఓములు, మిల్లీవాటుకు 83.5 డెసిబెల్స్. అదే మోతకు దీనికి దాదాపు 450 మిల్లీవాట్లు, 4.7 వోల్టులు, 95 మిల్లీయాంపియర్లు కావాలి. ఓములు తక్కువైనది తేలికగా మోగుతుందనుకుంటే ఇక్కడ పప్పులో కాలేసినట్టే. ఆరు రెట్లు తక్కువ ఓములున్నది ఇరవై రెట్లకు మించి శక్తి తాగుతోంది. లక్ష రూపాయల డాక్ కొని, దాని వెనక సన్నని యాంప్లిఫయర్ పెట్టి, ఇలాంటి హెడ్‌ఫోన్ తగిలిస్తే వచ్చేది, 16 ఓముల హారన్‌కు వంద మీటర్ల సన్నతీగ లాగినప్పుడు వచ్చినదే.

ఇక్కడ విద్యుత్తు తెలిసినవాళ్లు అభ్యంతరం చెబుతారు. వాల్వుల కాలంలో జోడీ కుదరడమంటే ఇచ్చేవైపు ఓములూ పుచ్చుకునేవైపు ఓములూ ట్రాన్స్‌ఫార్మర్‌తో సరితూచడం. ఇవాళ హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌లో ఇచ్చేవైపు ఓములు దాదాపు సున్నా ఉండాలని కోరుకుంటాం. రెండింటినీ ఒక గాటన కట్టడం తప్పు అని. మాట నిజమే. సూత్రం తలకిందులైంది. కానీ సూత్రం మారిందే వినేవైపు మారినందుకు. హారన్‌కు కావలసింది శక్తి, చుక్క కూడా వృథా కాకుండా. హెడ్‌ఫోన్‌కు శక్తి కొదవ లేదు, కావలసింది స్వరాల మధ్య నిష్పత్తి చెడకపోవడం. చెవిలోకి దూర్చే కొన్ని మానిటర్ల భారం ఒక స్వరం దగ్గర 8 ఓములు, ఇంకో స్వరం దగ్గర 40 ఉంటుంది. యాంప్లిఫయర్‌కు తనదైన 10 ఓముల అడ్డు ఉంటే, మొదటి చోట 7 డెసిబెల్స్ పోతాయి, రెండో చోట 2 పోతాయి. ఐదు డెసిబెల్స్ తేడా అంటే పాటే వేరైపోయినట్టు. అందుకే అడ్డు భారంలో ఎనిమిదో వంతుకు మించకూడదన్న వాడుక నియమం వచ్చింది. ఇంకో వైపు చూడండి: హెచ్‌డి 600 భారం 100 హెర్ట్జ్ దగ్గర 550 ఓములు దాటుతుంది, 120 ఓముల అడ్డున్న వాల్వు యాంప్లిఫయర్‌తో అక్కడ ఒక డెసిబెల్‌కు కాస్త పైగా నిండుదనం వస్తుంది. నాగయ్య గొంతుకు ఆ నిండుదనం అందంగా ఉండొచ్చు. అది తెలిసి ఎంచుకుంటే జోడీ, తెలియక దొరికితే అదృష్టం.

రెండో అభ్యంతరం డాక్ గురించి. ఖరీదైన డాక్‌లో వినబడే తేడా ఉందని చాలామంది గట్టిగా చెబుతారు, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కానీ లెక్క చూడాలి. సీడీలోని 16 బిట్లు 96 డెసిబెల్స్ వ్యత్యాసాన్ని మోస్తాయి. మంచి డాక్ 120 పైన ఉంటుంది. తలుపు మూసిన గదిలో ఫ్యాన్ చప్పుడే 40 డెసిబెల్స్ పైన. అంటే డాక్ ఇచ్చే నిశ్శబ్దంలో పెద్ద భాగాన్ని గదే మింగేస్తుంది. పైగా రెండు పెట్టెల మోత కొద్దిగా తేడాగా ఉన్నా, ఒక డెసిబెల్‌లో అయిదో వంతు ఉన్నా, పెద్దగా మోగిన దాన్ని చెవి మంచిదని తీర్పు చెబుతుంది. మోత సమం చేసి, ఏది ఏదో తెలియకుండా వింటే ఆ తేడాల్లో చాలా భాగం కరిగిపోతుంది. కాబట్టి డబ్బు వరస నా దృష్టిలో ఇది: ముందు హెడ్‌ఫోన్, తర్వాత దాని భారానికి తగిన యాంప్లిఫయర్, ఆ తర్వాతే డాక్. శ్రద్ధగా చేసిన మధ్యరకం డాక్‌తో ఆగిపోయినా నష్టం లేదు. దానికి మించి పెట్టేది చేతిపనికీ, అందానికీ, నమ్మకానికీ పెట్టేది. ఇష్టపడి పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు, దాన్ని జోడీ లెక్కలో వేయకపోతే చాలు.

ఫ్యాన్ మాట ఊరికే రాలేదు. జర్మనీలోనో జపాన్‌లోనో రాసిన సలహా గుంటూరు మే నెలకు సరిపోదు. 45 డిగ్రీల్లో చెవి మొత్తాన్ని తోలుతో మూసే హెడ్‌ఫోన్ అరగంటకు చెమట సంచి అవుతుంది. తెరిచిన రకం పెడితే ఫ్యాన్ గాలి చప్పుడు తిన్నగా పాటలోకి వస్తుంది. ఎండాకాలం తెరిచినదీ, వానాకాలం చలికాలం మూసినదీ వాడుకోవడం, లేదా నేల చల్లబడిన తెల్లవారుజామున ఫ్యాన్ ఆపి వినడం ఇక్కడి ఉపాయం. గది వేడిని ఇంకా పెంచే వాల్వు యాంప్లిఫయర్ మార్చి దాటాక బల్ల మీద ఉండకపోవడమే మేలు. ఇంకొకటి ఎర్త్. చాలా ఇళ్లలో మూడో పిన్ను పేరుకే ఉంటుంది. లాప్‌టాప్ చార్జరు కారబెట్టే కొద్దిపాటి కరెంటు యూఎస్‌బీ తీగ గుండా డాక్‌లోకి వచ్చి గుయ్యిమంటుంది. దానికి లక్షల డాక్ మందు కాదు. గోడలో సరైన ఎర్త్, లేదా చార్జరు తీసేసి బ్యాటరీ మీద నడపడం మందు. మైకుసెట్టు మనిషి పందిట్లో ఇనుప కడ్డీ భూమిలో దిగ్గొట్టి నీళ్లు పోసింది ఇందుకే.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. హారన్ ఊరిది, హెడ్‌ఫోన్ ఒక్కడిది. ఒకదాన్ని రెండోదానికి వారసుడని ఎలా అంటారు అని. నేను దీన్ని కొట్టివేయలేను. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకంలో కాటిసీనులోకి గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాలు వచ్చి చేరాయి. వినుకొండలో 1895లో పుట్టి, అంటరానితనం చేసిన గాయాన్ని మోస్తూ రాసిన కవి ఆయన. ఆ పద్యాల్ని చెట్టు మీది హారన్ పలికినప్పుడు ఊరికీ వాడకూ మధ్య గీత దానికి తెలియదు. పందిట్లోకి రానివ్వని మనిషికీ, ముందు వరస కుర్చీలో కూర్చున్న మనిషికీ ఒకే పద్యం ఒకే మోతలో అందింది. ఈ పని ఏ హెడ్‌ఫోనూ చెయ్యలేదు, చెయ్యజాలదు. కానీ అదే హారన్ తర్వాత ఏమైందో కూడా చూడాలి. కోటప్పకొండ తిరునాళ్లలో శివరాత్రి నాటి విద్యుత్ ప్రభలు చూడ్డానికి ఎంత అందమో చెప్పలేం. అయితే పక్కపక్కన నిలిచిన ప్రభల స్పీకర్లు పోటీ పడితే ఎవరి పాటా ఎవరికీ అందదు. ఒకటి పెంచితే రెండోది పెంచాలి. 2000లో శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు పెట్టాయి. 2005 జూలైలో సుప్రీంకోర్టు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్‌ను కట్టడి చేసింది. సరిగ్గా శబ్దం పొలాల మీద పాకే గంటలే అవి. రాత్రి వినాలనుకునేవాడికి చెవి మీదికి రావడం తప్ప ఇప్పుడు వేరే దారి పెద్దగా లేదు. ఊరంతటిదిగా వినడం పోయినందుకు బాధపడుతూనే, ఒంటరిగా వినడంలో నాగయ్యనూ జానకినీ మొదటిసారి పూర్తిగా వింటున్నామని ఒప్పుకోవాలి.

పూర్తిగా అన్నానే గానీ, ఆ మాట రికార్డు ఇచ్చినంత మేరకే. పాత పద్యాల్లో చాలా భాగం అంతర్జాలంలో దొరికేది నొక్కేసిన ఎంపీత్రీగా, క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకు దిగిన నకలుగా. ఖరీదైన పెట్టె దాన్ని బాగు చెయ్యదు, దాని గాయాల్ని వివరంగా చూపిస్తుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు గాడి వెడల్పైనది. దానికి 65 నుంచి 75 మైక్రాన్ల ముల్లు కావాలి. ఎల్పీకి వాడే సన్నముల్లు పెడితే అది గాడి అడుగున దుమ్ములో పొర్లుతుంది, పాట గోడల మీద మిగిలిపోతుంది. జోడీ అన్నది ఆ గాడి దగ్గరే మొదలవ్వాలి, చెవి దగ్గర ముగియాలి. మధ్యలోని పెట్టె రెండింటికీ ఒదిగి ఉండాలి. గుంటూరు, తెనాలి, ఒంగోలు ఇళ్ల అటకల మీద ఇప్పటికీ ఆ ప్లేట్లున్నాయి, లక్క బీటలు వారకముందే డిజిటల్‌లోకి దించుకోవలసినవి. ఒక డాక్ ఖర్చుతో ఎన్నో ప్లేట్లను శ్రద్ధగా డిజిటల్‌లోకి తేవచ్చు. వాటిలో ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. రికార్డు మీద 78 అని ఉన్నా ఆ కాలంలో అన్నీ ఖచ్చితంగా 78 దగ్గర కోసినవి కావు. 80 దగ్గర కోసినదాన్ని 78 దగ్గర తిప్పితే శ్రుతి దాదాపు పావు స్వరం దిగిపోతుంది, నటుడి గొంతుకు లేని బరువు వస్తుంది. వేగం సరిచూడడానికి ఒక ఆధారం ఆ రికార్డులోనే ఉంది. పద్యం వెనక హార్మోనియం మోగుతూ ఉంటుంది. దాని రీడు నటుడి గొంతులా అలసిపోదు, ఆవేశపడదు. ఆ నటుడు ఏ మెట్టు మీద పాడేవాడో తెలిస్తే, హార్మోనియం ఆ మెట్టు మీదికి వచ్చేదాకా వేగం సవరించి, అప్పుడు దించడం మొదలుపెట్టాలి.